చిన్న కమాన్ దగ్గరి రాజమణి

నయాపూల్ దాటి లోపలికి వచ్చి, పూసల దుకాణాల సందులో తిరిగితే చిన్న కమాన్ వస్తుంది. పాతకాలపు రాతి ద్వారం. దాని ముందు సందులన్నీ కలిసేచోట ఇప్పుడొక నల్లా ఉంది. తెల్లవారితే చాలు, అక్కడ బిందెల లొల్లి. ఆ నల్లా నిలబడిన సిమెంటు గద్దెను ఎవరూ పట్టించుకోరు. పట్టించుకుని చూస్తే దాని మీద రెండు పాదాల ఆనవాళ్ళు కనిపిస్తాయి. పాదాలు లేవు, అవి ఉండిన చోటు మాత్రం మిగిలింది. ఒకప్పుడు అక్కడ ఇశ్రాయేలు మేస్త్రి భార్య రాజమణి నిలబడి ఉండేది. చచ్చిపోయిన ఎన్నో ఏళ్ళకు వచ్చి నిలబడ్డ మనిషిని, గట్టిగా ఏడాది కూడా ఉండనివ్వలేదు ఈ ఊరు.

ఇశ్రాయేలుది అఫ్జల్‌గంజ్ వెనక మూసీ ఒడ్డున ఉన్న బస్తీ. మొదట గోడలు కట్టే మేస్త్రి. తరువాత పార్కులకు సిమెంటు జింకలు, కొంగలు చేయడం పట్టుబడింది. మాటలు తక్కువ. పది మాటలు అడిగితే ఒకటి చెప్పేవాడు, ఆ ఒకటి కూడా సగం మింగేవాడు. రాజమణి అట్లా కాదు. ఆమె ఉన్నచోట పని నడిచినట్టే ఉండేది కాదు, పెళ్ళి జరుగుతున్నట్టు ఉండేది. అతను తాపీ పట్టుకుంటే ఆమె సిమెంటు మాలు కలిపి అందించేది. అతను కట్టిన గోడకు ఆమె నీళ్ళు మోసి తడిపేది. పాత చీర ముక్కను చుట్టబట్టగా చుట్టి తలమీద పెట్టుకుని, దాని మీద కుండ ఎత్తుకుంటే, ఎంత ఎత్తు నిచ్చెనయినా చెయ్యి పట్టకుండా ఎక్కేది.

అఫ్జల్‌గంజ్ బస్సుల దగ్గర ఒక ఫోటో స్టూడియో ఉండేది. దాని ముందు నుంచి పోయినప్పుడల్లా ఇశ్రాయేలు, "ఒక ఫోటో దిగుదాం పా" అనేవాడు.

"ఫోటో ఎందుకయ్యా, నేనేడికి పోత? దినాం నీ కండ్ల ముందటనే ఉంట గద" అనేది రాజమణి.

రాజమణి పచ్చకామెర్లతో చనిపోయింది. అప్పటికి కూతురు సువార్త ఇంకా గోడ పట్టుకుని నడక నేర్చుకుంటోంది. బిడ్డను ఇశ్రాయేలే పెంచాడు. వంట చేశాడు, జడ వేశాడు, బడికి తోలాడు, ఆదివారం చర్చికి చేయి పట్టుకుని తీసుకుపోయాడు. అన్నీ చేయగలిగాడు గాని ఒక్కటి అతని చేతకాలేదు.

"అమ్మ ఎట్లుండె బాపు?" అని అడిగేది ఆ పిల్ల.

"మంచిగుండె" అనేవాడు.

"మంచిగ అంటే?"

రాజమణి ముఖంలో ప్రతి గీతా అతనికి తెలుసు. కానీ చేతులతో బతికే మనిషికి అది మాటల్లోకి ఎట్లా వస్తుంది? పిల్ల పెద్దదయ్యాక అడగడం మానేసింది. అడగడం మానేశాక అతనికి ఇంకా కష్టమైంది. కంచన్‌బాగ్‌లో లోహాల ఫ్యాక్టరీలో పనిచేసే పిల్లవాడికి ఇచ్చి పెళ్ళి చేశాడు. పెళ్ళినాడు దండలు మార్చుకున్నాక సువార్త ఎవరూ లేకుండా చూసి తండ్రితో, "అమ్మ మొఖం యాదికి తెచ్చుకుందామంటే ఏమొస్తలేదు బాపు" అంది. ఆ మాట అతని గుండెలో మేకులా దిగబడిపోయింది.

డెబ్బై ఎనిమిదో సంవత్సరంలో మున్సిపల్ ఆఫీసుకు ఆనందరావు అనే కుర్ర ఇంజనీరు వచ్చాడు. పాత పట్నం చౌరస్తాలను బాగుచేసి, చెట్లు పెట్టి, బొమ్మలు నిలిపి మళ్ళీ కళ తేవాలని పైనుంచి పని వచ్చింది. అట్లాంటి పని వస్తే ఎవరైనా గదిలో కూచుని గీతలు గీస్తారు. ఇతను మాత్రం జనాన్ని అడిగి చేయాలన్నాడు. మంచివాడు. అతని మంచితనాన్ని నేనేమీ అనను. అడగడం వచ్చిన మనిషికి వినడం కూడా వచ్చి ఉంటే బాగుండేదని మాత్రం అంటాను.

కమాన్ కింద జంపఖానా పరిచి, కుర్చీలు వేయించి, "ఇది మీ చౌక్. ఇక్కడ ఏముండాలో మీరే చెప్పండి" అన్నాడు.

ముందుగా బాలకిషన్ లేచాడు. కమాన్ పక్కన బెల్లం, పప్పుల టోకు దుకాణం వాళ్ళ తాతల నాటిది. "ఫౌంటేన్ ఉండాలె సాబ్. మా తాత చిన్నప్పుడు ఈడ నీళ్ళు ఎగురుతుండె అని చెప్పెటోడు" అన్నాడు.

ఎదురుగా చాయ్ హోటల్ నడిపే గౌస్ భాయ్, "బెంచీలు పెట్టుర్రి సాబ్, జర చెట్టునీడ ఉండాలె. మనిషి కూసుంటేనే గద చాయ్ తాగుతడు" అన్నాడు. అందరూ నవ్వారు.

కమాన్ నీడలో పూలమ్మే చంద్రమ్మ కూడా లేచింది. ముసలామె. సభల్లో ఎప్పుడూ మాట్లాడి ఎరగదు. "ఒక నల్లా పెట్టియ్యి సారూ. అవతలి సందుకెల్లి నీళ్ళు మోసి మోసి మా ఆడోళ్ళ మెడలు పోతున్నయి" అంది.

ఆనందరావు కళ్ళు మెరిశాయి. "నీళ్ళు మోసే స్త్రీ! అదే పెడదాం. తలమీద కుండ, కుండలోంచి నీళ్ళు. ఫౌంటేనూ అదే, మీ కష్టానికి గౌరవమూ అదే" అన్నాడు.

చంద్రమ్మ నల్లా అడిగింది. నల్లా లేక నీళ్ళు మోసే ఆడమనిషి బొమ్మ మంజూరైంది. చేతులెత్తమంటే అందరూ ఎత్తారు. బొమ్మతో పాటు నల్లా కూడా వస్తుందేమో అనుకుని పాపం చంద్రమ్మ కూడా ఎత్తింది.

బొమ్మ పని ఇశ్రాయేలుకు వచ్చింది. ఆనందరావు ఒక క్యాలెండరు బొమ్మ తెచ్చి, ఇట్లా ఉండాలన్నాడు. అందులో ఆడమనిషి నడుం వంచి, కుండ పట్టుకుని నవ్వుతోంది.

మూసీ ఒడ్డున రేకుల షెడ్డులో పని మొదలైంది. నిలబడిన బొమ్మకు కుండ బరువే గండం. బరువంతా మెడ మీద పడుతుంది, మెడ విరిగితే బొమ్మ పోయినట్టే. అందుకని ఇశ్రాయేలు కుండ అడుగు నుంచి తల నడిమధ్యగా, మెడలోంచి, వెన్నులోంచి గద్దె దాకా ఒకటే లావు ఇనుప సలాక దించాడు. దాని పక్కనే నీళ్ళ పైపు పెట్టాడు. చుట్టూ ఇనుప తీగల జాలి చుట్టి, జాలి మీద మాలు ఎక్కించాడు. ముఖం కూడా ఆ సలాకనే పట్టుకుని ఉంటుంది. తాను పోయినా ఈ బొమ్మ పోకూడదన్నంత గట్టిగా కట్టాడు.

ముఖం దగ్గరికి వచ్చేసరికి అతనికి క్యాలెండరు నవ్వు నచ్చలేదు. నీళ్ళు మోసే మనిషి అట్లా నవ్వదు, పళ్ళు బిగపట్టుకుంటుంది. నవ్వు తీసేశాడు. నవ్వు తీసేస్తే దవడ గట్టిపడింది. తరువాత తాపీ కొనతో ఎడమ కన్నును సగం మూశాడు. రాజమణి కుండ ఎత్తుకుంటే నీళ్ళు ఎప్పుడూ ఎడమ పక్కకే తొణికేవి. కనుబొమ్మ మీద నుంచి కారే నీళ్ళకు ఆ కన్ను సగం మూసి నడిచేది. కన్ను మూయడం అయ్యాక ఒక అడుగు వెనక్కి వేసి చూశాడు. రాజమణి ఉంది. తాపీ కిందపెట్టి, ఇసుక కుప్ప మీద కూలబడి, ఆమె పోయిననాడు కూడా ఏడవనంతగా ఏడ్చాడు.

ఆ తరువాత అతని చేతులు అతని మాట వినలేదు. ముక్కు, గదమ, చెవి తమ్మె, తలమీది చుట్టబట్ట మడతలు, అన్నీ వాటంతట అవే వచ్చాయి. కొత్త సిమెంటు ఆరిపోకుండా తల మీంచి తడి గోనెపట్టా కప్పితే, వానలో పనికి వచ్చిన రాజమణిలాగే ఉంది. బతికి ఉండగా ఆమె అతని గోడలకు నీళ్ళు పోసింది. ఇప్పుడు అతను ఆమెకు పొద్దున, సాయంత్రం నీళ్ళు పోశాడు. చివరగా, నీళ్ళు అన్ని పక్కలా సమంగా జారాలని కుండ మూతి మీద ఒక చిన్న గిన్నె చేసి పెట్టాడు. ఆ గిన్నె ఇంత పని చేస్తుందని అతనికేం తెలుసు.

ఆనందరావు వచ్చి చూసి మెచ్చుకున్నాడు. "ఒక కన్ను కొంచెం చిన్నగా వచ్చినట్టుందే" అన్నాడు.

"నీళ్ళు కారుతయి గద సార్, గట్లనే ఉంటది" అన్నాడు ఇశ్రాయేలు. అంతకుమించి చెప్పలేదు. ఆఫీసు బొమ్మకు కూలి చేసుకునే ఆడదాని ముఖం పెట్టాడంటే ఒప్పుకోరని భయం.

చిన్న కమాన్‌కు సున్నం వేశారు. చుట్టూ పచ్చగడ్డి, క్రోటన్ మొక్కలు, కానుగ చెట్లు, సిమెంటు బెంచీలు వచ్చాయి. నడుమ గద్దె మీద రాజమణి. తెర తీసిననాడు పెద్దమనుషులు వచ్చారు, దండలు పడ్డాయి, ఉపన్యాసాలు జరిగాయి. మరునాటి పేపర్లో ఫోటో కూడా పడింది. అందులో దండలు వేసుకున్న తలకాయలే తప్ప ఇంకేం లేదు. ఒక పెద్దమనిషి తలపాగా వెనక కుండ అంచు కొద్దిగా కనిపిస్తుంది, అంతే.

ఆ ఆదివారం చర్చి అయ్యాక ఇశ్రాయేలు కూతుర్నీ అల్లుడినీ బస్సెక్కించి తీసుకొచ్చాడు. బొమ్మ ముందు నిలబెట్టి, "మీ అమ్మ" అన్నాడు. ఆ ఒక్క మాటే అన్నాడు.

సువార్త తలెత్తి చూసింది. కుండలోంచి నీళ్ళు జారి, ఎడమ కనుబొమ్మ మీద నుంచి చెంప మీదికి కారుతున్నాయి.

"గిట్లుండెనా బాపు?"

"గిట్లనే ఉండె."

"ముక్కు నా లెక్కనే ఉంది."

"నీ లెక్క కాదు బిడ్డా. నువ్వే ఆమె లెక్క."

ఆ పిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బెంచీ మీద కూచుని ఏడ్చింది. అన్నేళ్ళ ఏడుపు అది. హోటల్లోంచి చూస్తున్న గౌస్ భాయ్ మూడు చాయ్‌లు పంపించాడు, అంతే.

అల్లుడు మంచివాడు. "ఫోటోగ్రాఫర్ని పిలిపించి ఒక ఫోటో తీపిద్దాం మామా" అన్నాడు.

ఇశ్రాయేలు చాలా కాలానికి నవ్వాడు. "ఫోటో ఎందుకయ్యా? ఆమె ఏడికి పోతది? లోపట గంత లావు సలాక ఉంది. మనం పోయినంక కూడ ఈడనే ఉంటది" అన్నాడు. అది ఎవరి మాటో అప్పుడు అతనికి తోచలేదు. తోచి ఉంటే నాలుక కరుచుకునేవాడు.

అప్పటినుంచి సువార్త వీలున్న ఆదివారమల్లా వచ్చేది. బెంచీ మీద కూచుని, ఇంటి సంగతులన్నీ మనసులోనే తల్లికి చెప్పుకునేది. కడుపుతో ఉన్నానని తెలిశాక, తండ్రి కంటే ముందు ఆ బొమ్మకే చెప్పింది.

ఎండాకాలం వచ్చింది. పంపు చెడిపోయింది. బాగుచేస్తామన్నారు, చేయలేదు. గడ్డి మాడింది. కుండ ఎండిపోయి, రాజమణి ఆ ఎండలో అట్లాగే నిలబడి ఉంది.

ఆ రోజుల్లోనే చంద్రమ్మ మనుమడికి అమ్మవారు పోసింది. ఒళ్ళంతా పొక్కులు, పిల్లవాడు కన్ను తెరవడం లేదు. పూలగంప ముందు కూచున్న చంద్రమ్మకు ఆ బొమ్మ తప్ప చెప్పుకోవడానికి ఎవరూ కనిపించలేదు. చెంబెడు నీళ్ళు తెచ్చి బొమ్మ కాళ్ళ మీద పోసి, "నువ్వు సుత ఎండకు ఎండుతున్నవు తల్లీ. ఇగ సల్లవడు. నా మనుమణ్ణి సల్లగ సూడు" అంది. పిల్లవాడికి తగ్గింది. చంద్రమ్మ ఊరుకుంటుందా? పసుపు తెచ్చి కాళ్ళకు పూసింది, వేపమండలు పెట్టింది, పిల్లవాడి పుట్టెంటికలు తీయించి ఆ గద్దె మీద పెట్టింది.

అంతలో ఆషాఢం వచ్చింది. సందుల్లో డప్పులు మోగాయి. బోనాలెత్తుకుని వచ్చిన ఆడవాళ్ళు కమాన్ దగ్గర ఆగి చూశారు. తలమీద కుండ. కుండ మీద దీపం పెట్టే ప్రమిదలాంటి గిన్నె. కాళ్ళకు పసుపు, పక్కన వేపమండలు. సగం మూసిన కన్ను. ఇంకేం కావాలి? బోనమెత్తుకున్న తల్లి! పుట్టినప్పటినుంచి ఈ పట్నంలో బోనాలు చూస్తున్న ఇశ్రాయేలుకు ఆ పోలిక ఎట్లా తట్టలేదని అడిగితే, నేనొకటే చెబుతాను. అతను అక్కడ రాజమణిని తప్ప ఇంకేమీ చూడలేదు.

ఎవరో ఆ గిన్నెలో దీపం పెట్టారు. ఎవరో చీర చుట్టారు. ముఖానికి పసుపు, నుదుట అరచేతంత కుంకుమ. బాలకిషన్ భార్య విమలాదేవి ఎన్నాళ్ళనుంచో ఉన్న మొక్కు తీరిందని వెండి కళ్ళు చేయించి లక్కతో అతికించింది. గుండ్రంగా, పెద్దగా, పూర్తిగా తెరిచి ఉన్న కళ్ళు. వాళ్ళ భక్తిలో కల్తీ లేదు. ఎవరూ ఎవరికీ చెడు చేయాలనుకోలేదు. ఒక్కో చేయి కొంచెం కొంచెం పూయగా, ఒక ముఖం కనిపించకుండా పోయింది.

చర్చిలో పాస్టరుగారు విగ్రహాల మీద వాక్యం చెప్పినప్పుడల్లా అందరూ ఇశ్రాయేలు వంక చూసేవాళ్ళు. అతను దాన్ని పట్టించుకోలేదు. కానీ నెలలు నిండుతున్న సువార్త ఒక ఆదివారం వచ్చి, బొమ్మను చూసి, బెంచీ మీద కూడా కూచోకుండా వెనక్కి తిరిగింది.

"బాపు, అమ్మ మొఖం ఒక్కపారి కడుగు. నాకు ఆమె అవుపడుతలేదు. ఎవరో నన్ను గుడ్లెర్రజేసి సూస్తున్నట్టుంది" అంది.

మర్నాడు తెల్లవారకముందే ఇశ్రాయేలు బకెట్టు, కొబ్బరి పీచు తీసుకుని పోయాడు. చెంప మీద పసుపు కొంచెం వదిలి, లోపల బూడిదరంగు సిమెంటు కనిపించింది. అంతలోనే పూలగంపతో చంద్రమ్మ వచ్చింది.

"ఏం జేస్తున్నవ్ మేస్త్రీ! అమ్మ మొఖం ముట్టుకుంటున్నవ్, తానమన్న జేసినవా?"

"పసుపుకు సిమెంటు పాడయితది అవ్వా" అన్నాడు.

"అమ్మ పాడయితదా! పో, పో ఈడికెల్లి" అని కసిరింది. ఆమె తప్పు కాదు. ఆమె దేవతను ఆమె కాచుకుంది. ఆ రోజు సాయంత్రానికి ముఖానికి ఇంకో పూత పడింది.

చౌక్‌లో తగువు కూడా అప్పుడే మొదలైంది. తల్లి ముందు చెప్పులతో బెంచీల మీద కూచోవద్దని కొందరు. ఇది అందరి చౌక్, అందరి బెంచీ అని కొందరు. మాటా మాటా పెరిగి ఒక బెంచీ విరిగింది. చుట్టూ కటకటాలు కట్టి పైన గోపురం లేపుతానని బాలకిషన్ ఇటుకలు దింపించాడు. ఇటుక మీద ఇటుక పెడితే చూసుకుందామని అవతలివాళ్ళన్నారు. ఏళ్ళకేళ్ళుగా గౌస్ భాయ్ హోటల్లో చాయ్ తాగే బాలకిషన్ అటు రావడం మానేశాడు. బొమ్మను తీసి ఊరవతల పార్కుకు పంపమని ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఆనందరావు మళ్ళీ జనాన్నే అడుగుదామన్నాడు.

అదే కమాన్, అదే జంపఖానా. కానీ ఈసారి జనం రెండు పక్కలుగా విడిపోయి కూచున్నారు.

"గుడి కట్టాలె. తల్లిని కదిలిస్తే ఊకోం" అన్నాడు బాలకిషన్.

"కడితే మేం సుత ఊకోం" అన్నారు అవతలివాళ్ళు.

"భాయ్, ఎవరింటికి వాళ్ళు సల్లగ పోవాలె, గదే నా ఫికర్" అన్నాడు గౌస్ భాయ్. అతని మాట ఎవరికీ వినపడలేదు.

వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ ఇశ్రాయేలు ముందుకు వచ్చాడు. గుడి కడితే రాజమణి ముఖం ఎప్పటికీ పసుపు కిందే ఉండిపోతుంది. పార్కుకు పంపుదామంటే, గద్దెలోకి దిగిన సలాక వల్ల బొమ్మ విరగకుండా ఊడి రాదు. రెండు విధాలా పోయేది ఆమె ముఖమే. ఇక మిగిలింది నిజం చెప్పడమే అనుకున్నాడు. నిజం తెలిస్తే వీళ్ళ మనసు కరుగుతుందని నమ్మాడు. అన్నేళ్ళు వాళ్ళ మధ్య బతికినవాడు, నమ్మక ఏం చేస్తాడు?

"సార్, ఒక్క మాట. గుడి వద్దు, తీసుడు వద్దు" అన్నాడు. "ఆమె అమ్మవారు కాదు. నా పెండ్లాం. రాజమణి. కామెర్లయి సచ్చిపోయింది. ఒక్క ఫోటో సుత లేదు. నా బిడ్డకు తల్లి మొఖం తెల్వది. నా చేతికి గట్ల వచ్చింది సార్, నేను కావాలని జెయ్యలే. ఆ వెండి కండ్లు తీసి, మొఖం కడిగి, ఊకె నీళ్ళు మోసే మనిషి లెక్కనే ఉండనియ్యిర్రి. ఎవరన్న కూసోవచ్చు, ఎవరన్న సూడొచ్చు. మీ కాల్మొక్త."

అతను జీవితంలో ఒక్కసారే అన్ని మాటలు మాట్లాడాడు.

ఆడవాళ్ళ వైపు నుంచి విమలాదేవి గొంతు వచ్చింది. "సచ్చిపోయినామెకా మనం మొక్కింది?"

చంద్రమ్మ లేచి నిలబడింది. "నా మనుమని పుట్టెంటికలు సచ్చినదాని కాళ్ళకాడ పెట్టిచ్చినవురా! దీపం పెట్టిన, పసుపు పూసిన. గా పసివానికేమన్నయితే ఎట్లరా మేస్త్రీ? ఒక్క మాట ముందుగాల్ల జెప్పకపోతివి!"

అంతే. ఆయుస్సు తీరకుండా పోయిన ఆడది, ఎన్ని కోరికలతో పోయిందో, ఇన్నాళ్ళూ దీపం పెట్టి పిలుచుకున్నామే అని గుసగుసలు మొదలై అరుపులయ్యాయి. నిన్నటిదాకా ఆ పాదాలకు నుదురు ఆనించిన వాళ్ళకు ఆమె ఇప్పుడు దయ్యమైంది. తలలు పగులగొట్టుకోవడానికి సిద్ధంగా ఉన్న రెండు పక్కలూ రెప్పపాటులో ఒక్కటయ్యాయి.

ఆనందరావు ఏం చేయాలో తోచక, అలవాటుగా, "బొమ్మను తీసేయాలనే వాళ్ళు చేతులెత్తండి" అన్నాడు.

బాలకిషన్ ఎత్తాడు. అవతలివాళ్ళు ఎత్తారు. చంద్రమ్మ ఒక చేత్తో కళ్ళు తుడుచుకుంటూ ఇంకో చేయి ఎత్తింది. గౌస్ భాయ్ ఇశ్రాయేలు వంక చూసి, తల దించుకుని, అందరికంటే వెనక మోచేయి దాకా ఎత్తాడు. జనాన్ని అడిగి చేసిన ఆ చౌక్ పనిలో అందరూ ఒక్క మాట మీద నిలబడింది అదొక్కసారే.

తీయడానికి కూలీలు రాలేదు. దేవత అనుకున్నవాడు ముట్టనన్నాడు, దయ్యమనుకున్నవాడూ ముట్టనన్నాడు. మిగిలింది ఇశ్రాయేలు.

"తల నాకియ్యిర్రి సార్. ఇంటికి తీసుకపోత" అని అడిగాడు.

"తీసుకో" అన్నాడు ఆనందరావు. అతని కళ్ళలోకి చూడలేకపోయాడు.

సువార్తను రావద్దని కబురు పంపాడు. ముందుగా చీర విప్పి మడత పెట్టాడు. ముఖం కడిగాడు. చంకలో పెట్టుకు మోసిన బిడ్డకు కడిగినట్టు చెవుల వెనక కూడా కడిగాడు. తరువాత వెండి కళ్ళు తీయబోయాడు. లక్క గట్టిగా పట్టుకుని ఉంది. మెల్లగా లాగితే కన్నుతో పాటు సిమెంటు పెచ్చు ఊడి వచ్చింది. రాజమణి సగం మూసిన ఎడమ కన్ను ఆ వెండి రేకుకు అంటుకుని అతని చేతిలోకి వచ్చేసింది.

అయినా తల దక్కుతుందని ఆశ. మెడ చుట్టూ ఉలి పెట్టి, సుత్తెతో చిన్న చిన్న దెబ్బలు వేశాడు. ఎంత చెక్కినా సలాక వదల్లేదు. తాను పోయినా ఆమె పోకూడదని దించిన సలాక అది. ఇంకొంచెం గట్టిగా కొట్టాడు. నుదుటి నుంచి గదమ దాకా ఒక బీట పరిగెత్తింది. పట్టుకుందామని రెండు చేతులూ చాచేలోపల ముఖం ముక్కలై గద్దె మీద రాలిపోయింది. సలాక ఒక్కటే మిగిలింది, దాని మీద కుండ.

చుట్టూ తలుపుల సందుల్లోంచి చూస్తున్న వాళ్ళెవరూ బయటికి రాలేదు. మిగిలిన బొమ్మను కూడా పాదాల దాకా కొట్టి తీసేసి, ముఖం ముక్కలను గోనెసంచిలో ఏరుకుని, అతను మూసీ ఒడ్డున తన షెడ్డుకు నడిచిపోయాడు.

కొన్నాళ్ళకు ఆనందరావును ఇంకో చోటికి మార్చారు. పోతూ పోతూ ఒక మంచిపని చేశాడు. పంపు బాగుచేయించి, గద్దెలో మిగిలిన నీళ్ళ పైపుకు నల్లా బిగింపించాడు. మొదటి బిందె చంద్రమ్మే పట్టింది. పట్టి, అక్కడే గద్దె మీద కూచుని చాలాసేపు ఏడ్చిందని గౌస్ భాయ్ చెప్పేవాడు.

ఇశ్రాయేలు షెడ్డులో ఆ ముక్కలను నేల మీద పరిచి చూసుకున్నాడు. ఏ ముక్క పక్కన ఏ ముక్క పెట్టాలో తెలియలేదు. మళ్ళీ మాలు కలిపి మొదటినుంచి చేద్దామని కూచున్నాడు. చేతులు కదిలాయి గాని ఆమె రాలేదు. కళ్ళు మూసుకుని ఆమెను తలుచుకోబోతే పసుపు ముఖం, కుంకుమ, గుండ్రటి వెండి కళ్ళు. ఎన్నేళ్ళు గడిచినా, ఫోటో లేకపోయినా అతనిలో చెదరకుండా నిలిచి ఉన్న ముఖం అది. ఇప్పుడు దానికోసం ఎంత లోపలికి పోయినా ఆ వెండి కళ్ళే అడ్డం వస్తున్నాయి. మాలు గట్టిపడిపోయింది. ఆ తరువాత అతను జింకలు, కొంగలు తప్ప మనిషి ముఖం చేయలేదు.

సువార్తకు ఆడపిల్ల పుట్టింది. ఇశ్రాయేలు కంచన్‌బాగ్ పోయాడు. సువార్త బొమ్మ సంగతి ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు. పిల్లను తెచ్చి తండ్రి ఒళ్ళో పెట్టింది. గడపలోంచి వచ్చే వెలుతురుకు ఆ పసిగుడ్డు ముఖం ముడుచుకుంది.

"బాపు, నేను ఆమెను సక్కగ సూసింది కొన్ని దినాలే. నీకైతే మొత్తం యాదుంటది గద" అంది సువార్త. "దీనికి అమ్మ పోలిక వచ్చిందంటవా?"

ఇశ్రాయేలు పిల్లను చూశాడు. కళ్ళు మూసుకుని చూశాడు. మళ్ళీ తెరిచి చూశాడు. సువార్త అతని నోటి వంకే చూస్తోంది.

"వచ్చింది బిడ్డా. అచ్చం మీ అమ్మనే" అన్నాడు.

సువార్త ముఖం విప్పారింది. వంగి, పిల్ల బుగ్గను వేలితో తాకింది. "ఏడ వచ్చింది బాపు? కండ్లా?"

"కండ్లే" అన్నాడు ఇశ్రాయేలు, ముఖం గోడవైపు తిప్పుకుని.